లేడని తెలిసేదెట్లా

నేల మీద కుండ లేదు. లేదని నీకెలా తెలిసింది?

మదురైలో మా కాలేజీ పిల్లలకు ప్రమాణాల పాఠం, అంటే మనిషికి ఏ సంగతైనా ఏయే దారుల్లో తెలుస్తుందనే పాఠం, నేను ఈ ప్రశ్నతోనే మొదలుపెడతాను. చూస్తే తెలీదా టీచర్ అని నవ్వుతారు. ఏం చూశావురా, లేని కుండను చూశావా అని ఒకణ్ణి నిలదీస్తే నీళ్ళు నములుతాడు. అప్పుడు చెబుతాను. కళ్ళతో చూడటం ఒక దారి. పొగను బట్టి నిప్పుందనుకోవడం ఒక దారి. నమ్మదగిన మనిషి మాట ఇంకో దారి. లేనిదాన్ని లేదని తెలుసుకోవడానికి మాత్రం వేరే దారే ఉందని మీమాంసకులనే పాతకాలపు పండితులు పట్టుబట్టారు. ఉంటే కనపడేది, కనపడలేదు, కాబట్టి లేదు. దానికి వేరే దారెందుకు, ఖాళీ నేలను చూసిన కళ్ళే చాలవా అని నైయాయికులు, అంటే తర్కశాస్త్రం వాళ్ళు, తగువుకు దిగారు. తరాల తరబడి కొట్టుకున్నారు మహానుభావులు, ఒక లేని కుండ కోసం!

మా అన్న కనపడకుండా పోయేదాకా నాకూ అదంతా నవ్వులాటగానే ఉండేది.

మాది మదురైలో పాత తెలుగు వీధి. తాతల తాతల కాలంలో ఎప్పుడో వచ్చిపడ్డవాళ్ళం. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. తెలుగు అక్షరాలు నేను పెద్దయ్యాక పంతానికి పోయి నేర్చుకున్నాను. అన్నకు కోయంబత్తూరులో మోటారు పంపులు పోతపోసే ఫౌండ్రీలో పని. అక్కడా మనవాళ్ళ వీధి ఒకటుంటే అందులో ఒక గది తీసుకున్నాడు. శనివారం సాయంత్రం బస్సు దిగి ఇంటికొచ్చేవాడు, ఆదివారం మళ్ళీ బస్సెక్కేవాడు. అమ్మ, వదిన, వాళ్ళ కూతురు, నేను ఇక్కడ. ఒక శనివారం రాలేదు. ఫోను మోగలేదు. సోమవారం నేనూ వదినా కోయంబత్తూరు పోయాం.

గది ఇచ్చిన ముసలమ్మ మమ్మల్ని చూసి గడపలోనే కూలబడింది.

"శుక్రవారం పొద్దన షిఫ్టుకని పోయినాడు పాపా. టీ తాగి గ్లాసు కడిగిపెట్టి పోయినాడు. ఎవురితోనూ సండ గిండ, కొట్లాట ఏమీ లేదు. నవ్వుకుంటానే పోయినాడే!"

ఫౌండ్రీవాళ్ళేమో ఆ రోజు షిఫ్టుకే రాలేదన్నారు. గదిలో మంచం, దండెం మీద లుంగీ, గూట్లో సబ్బుపెట్టె. వదిన వంగి మంచం కింద చూసింది. నాకు ఒళ్ళు మండింది. ఆయనేమన్నా పసిపిల్లాడా వదినా దాక్కోడానికి అని కసిరాను. నా నోరెప్పుడూ అంతే. ఆమె నా మాట విననట్టే లేచి తలుపు వెనక కూడా చూసింది. ఉంటే కనపడేవాడు. కనపడలేదు. కాబట్టి ఆ గదిలో లేడు. శాస్త్రం అక్కడితో ఆగిపోయింది, మేం మాత్రం ఆ గదిలో చాలాసేపు నిలబడ్డాం.

పోలీసులకు చెప్పాం. ఆ తరువాత ఎక్కడైనా పేరు తెలియని శవం దొరికితే ఫోను వచ్చేది. ఇద్దరం పోయేవాళ్ళం. ఒక్కసారీ ఆయన కాదు. ఇంటికొచ్చి తలకు పోసుకుని, ఆకలేస్తాంది పాపా అని వదిన కడుపునిండా తినేది. అంత ఆబగా తింటుంటే చూడలేక నేను లేచిపోయేదాన్ని.

ఇక గేటు సంగతి. మా ఇంటి ఇనప గేటు కింద బండకు రాసుకుంటుంది. మేమంతా కాస్త ఎత్తి తీస్తాం. అన్న మాత్రం ఒక్క తోపు తోసేవాడు, ఆ గీకుడు వీధి చివరికి వినపడేది. ఆయన కనపడకుండా పోయాక కూడా శనివారం దీపాలు పెట్టే వేళ ఆ చప్పుడు వస్తోంది. వచ్చినట్టుంటుందని రాయడం లేదు, వస్తోందనే రాస్తున్నాను. నేను విన్నాను. వదిన విన్నది. సగం చెవుడున్న అమ్మ కూడా తల ఎత్తి వాకిలి వైపు చూసేది. ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకోకుండా పనిలో పడేవాళ్ళం.

ఒక శనివారం నేను కొంగు బిగించి బయటికి పోయాను. గేటు గొళ్ళెం వేసినట్టే ఉంది. వీధిలో ఎవరూ లేరు. లేరు అనుకున్న మరుక్షణం ఆ మాట చెల్లదని తోచింది. ఎందుకంటే ఆ పాఠానికి రెండో సగం ఉంది. ఉంటే కనపడి తీరాల్సినదాని విషయంలోనే ఆ సూత్రం చెల్లుతుంది. నేల మీద కుండ లేదని చెప్పొచ్చు. నేల మీద పిశాచం లేదని చెప్పలేం, అది ఉన్నా కనపడదు కదా! పాతవాళ్ళు సరిగ్గా ఈ ఉదాహరణే ఇచ్చారు. ఎన్నిసార్లు చెప్పి ఉంటాను దాన్ని క్లాసులో, నవ్విస్తూ. గొళ్ళెం తీయకుండానే లోపలికి వచ్చి తలుపేసుకున్నాను. సొంత అన్నంటే భయపడుతున్నానే అని ఏడుపొచ్చింది.

ఆ తరువాతి వారమే పరమాణువుల పాఠం. క్లాసు కిటికీలోంచి ఎండ పడుతుంటే అందులో తేలే నలుసుల్ని చూపించాను. కంటికి ఆనేవాటిలో అతి చిన్నది ఈ నలుసు, వైశేషికుల లెక్కలో ఇదింకా పరమాణువు కాదు, పరమాణువులు జంటలుగా కలిసి, ఆ జంటలు మూడు కూడితేగాని ఇంతది కాదు అన్నాను. చీల్చుకుంటూ పోతే ఎక్కడో ఒకచోట ఆగాలి. ఆగకపోతే కొండలోనూ లెక్కలేనన్ని ముక్కలే, ఆవగింజలోనూ లెక్కలేనన్ని ముక్కలే, రెండూ సమానమైపోతాయి. అందుకని చీలనిది ఒకటి ఉండి తీరాలి. అది కంటికి కనపడదు, పుట్టదు, నశించదు.

ముందు బెంచీ అమ్మాయి లేచింది. "పరమాణువూ కనపడదు, పిశాచమూ కనపడదు. ఒకటి ఉందంటారు, రెండోదాన్ని లేదనలేమంటారు. మరి మనం ఏం చెయ్యాలి టీచర్?"

కూర్చోమన్నాను. మామూలుగా అయితే ఒకటి తర్కానికి నిలుస్తుంది, రెండోది నిలవదని గంటసేపు వాయించేదాన్ని. ఆ రోజు హాజరు పట్టీ తీసి పేర్లు పిలిచాను.

అలాగే ఏళ్ళు గడిచాయి. ఈ ఏడు మా అన్న కూతురికి మేలూరు సంబంధం కుదిరింది. మంచివాళ్ళు. పెళ్ళికొడుకు తండ్రి పెళ్ళిపత్రిక నమూనా ఫోనులో పంపి, మరుసటి రోజు తనే వచ్చి కూర్చున్నాడు. కాఫీ గ్లాసు చేతిలో తిప్పుతూ చాలాసేపు వానల గురించి మాట్లాడాడు.

"తప్పుగా అనుకోవద్దండి. పత్రికలో అమ్మాయి నాయన పేరు ఎట్ల వేసేది? ముందర లేట్ అని వేసేదా, వద్దా? మావాళ్ళు అడుగుతాండారు. పీటల మీద ఎవరు కూర్చునేదని కూడా."

"నా కొడుకు బతికుండాడు. ఇంట్లో లేడు, బయట ఉండాడు. అంతే," అంది అమ్మ లోపలినుంచి.

అర్థాపత్తి అని శాస్త్రంలో మరో దారి ఉంది. బతికున్న మనిషి ఇంట్లో లేడు, కాబట్టి బయట ఎక్కడో ఉన్నాడు. పాఠంలో అదే ఉదాహరణ. తర్కంలో తప్పు లేదు. కాకపోతే బరువంతా 'బతికున్న' అనే ఆ మొదటి మాట మీద ఉంది. అదొక్కటీ మాకు ఎవరూ ఇవ్వలేదు, అమ్మ తనకు తానే ఇచ్చుకుంది.

పెళ్ళికొడుకు తండ్రి వెళ్ళాక వదిన నన్ను వంటింట్లోకి పిలిచి తలుపు దగ్గరికి వేసింది.

"పాపా, నీ మాట నేను తీసెయ్యను. ఉండాడా, లేడా? ఉండాడంటే పసుపు కుంకంతో పందిట్లో నిలబడతా. లేడంటే తీసేస్తా. ఏదో ఒకటి చెప్పు."

నమ్మదగినవాడి మాట ప్రమాణం. నన్నంత నమ్మిన మనిషి ఇంకెవరూ లేరు. ఏ మాట అన్నా ఆమె జీవితం అటే పోతుంది. ఒక్క అబద్ధం, ఏ వైపైనా సరే, ఆడేద్దామా అనిపించింది.

"నాకు తెలీదు వదినా," అన్నాను.

ఆమెకు కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. గొంతు తగ్గించింది.

"బయట బయట అంటుంది అత్త. బయటంటే యాడ? గేటు దగ్గరా? శనివారం శనివారం వస్తాండాడు గదా. వస్తాడు, లోపలికి రాడు. పోయినోళ్ళందరికీ ఆకేసి అన్నం పెడతాం, ఆయనకి మాత్రం పెట్టం. ఇంట్లో సోరు లేదు, బయటా లేదు. ఆకలితో నిలబడి ఉంటే, పాపా? నాకు తాళి తియ్యడం భయం కాదు. ఆయన ఆకలి భయం."

ఆమెను పట్టుకున్నాను.

అరవవాళ్ళ ఆడి నెల అమావాస్య వచ్చింది. ఆ రోజు మా వీధిలో ప్రతి మేడమీదా పోయినవాళ్ళకు ఆకులు పరిచి, అన్నం పెట్టి కాకుల్ని పిలుస్తారు. నాయనకొక ఆకు, తాతకొకటి, అవ్వకొకటి వేసి నేను వడ్డిస్తున్నాను. వదిన తడి తలతో పైకొచ్చి, చివర ఇంకొక ఆకు పరిచింది. నీళ్ళు చల్లింది. అన్నం, పప్పు, అరటికాయ వేపుడు తనే పెట్టింది. నన్ను చూడలేదు.

అంతలో అమ్మ మెట్లెక్కి వచ్చింది. గోడ పట్టుకుని ఆకులన్నీ చూసింది. ఆ చివరి ఆకు మీద చూపు ఆగింది. ఇల్లు ఎగిరిపోయేలా అరుస్తుందనుకున్నాను. అమ్మ వెనక్కి తిరిగి ఒక్కో మెట్టే దిగిపోయింది. కింద డబ్బాలేవో చప్పుడయ్యాయి. మళ్ళీ ఆయాసపడుతూ వచ్చినప్పుడు గుప్పిట మూసి ఉంది. ఆ చివరి ఆకు ముందు కూర్చుని గుప్పిట విప్పి అన్నం పక్కన పెట్టింది. ఒలిచిన చిన్న ఉల్లిపాయలు.

పోయినవాళ్ళ ఆకులో ఉల్లిపాయ పెట్టరు. ఆ రోజు వంటింట్లోకే రానివ్వరు. ఆ నియమం నాకు నేర్పింది అమ్మే.

"అమ్మా, ఈ పొద్దు ఉల్లిపాయ కూడదు గదా," అన్నాను. నా పాడు నోరు అప్పుడూ ఊరుకోలేదు.

"ఇది లేకుంటే వానికి ముద్ద దిగదు," అంది అమ్మ.

వదిన నేల మీద కూలబడి బావురుమంది. ఇన్నేళ్ళలో ఆమె అలా ఏడవడం నేను వినలేదు. పక్క మేడలవాళ్ళు మావైపు తిరిగారు. అమ్మ చెయ్యి చాచి ఆమె తడి తల మీద పెట్టింది.

"ఏడవాకమ్మా. తిననీ వాణ్ణి. తిని పోనీ."