కథల ఆటలోకి నేను తెచ్చిన రాక్షసి

నిన్న మనవరాలు స్నేహితులతో పాచికలు వేస్తూ కథల ఆట ఆడుతోంది. వేరే కథలోని మంత్రగత్తెను తెచ్చి కలిపిందని వాళ్లు గొడవపడుతుంటే నాకు మన ఆట గుర్తొచ్చింది.

మగ్గాల వాడలో పెరిగిన మీకు యాదికుందా? గంజి వాసన వేసే, నూలు చుట్టే ఖాళీ కండెలే మన రాజులు, దొంగలు. గవ్వలు ఎట్లా పడితే కథ అట్లా నడిచేది. నడిపేది లచ్చక్క. తప్పు చెబితే ఆటలోంచి లేపేసేది. నాకు వేరే దోస్తులు లేరు.

ఒకరోజు నా రాజు బావిలో పడ్డాడు. ఏం చెప్పాలో తోచక, ఒక రాక్షసి వచ్చి పైకి లాగిందన్నాను.

"గిది మన కథల లేదు గదరా. ఏడికెల్లి తెచ్చినవ్?" అన్నది లచ్చక్క.

"మా అవ్వ చెప్పిన కథలకెల్లి, అక్కా."

ఇక నన్ను లేపుతుందనుకున్నాను. ఆమె అన్నిటికన్నా పెద్ద కండెను వెతికి నా ముందు పెట్టింది.

"తెస్తే తెచ్చినవ్ తియ్. మరి గంత దానికి బువ్వ ఎవలు పెట్టాలె? నువ్వే చెప్పు."

గుండె తేలికైంది. పొద్దుగూకేదాకా ఆ రాక్షసికి ఏమేం వండిపెట్టానో చెబుతూనే ఉన్నాను. ఒక్క రోజులో అన్ని మాటలు నేను మళ్లీ ఎప్పుడూ మాట్లాడలేదు.