చెల్లని దుడ్ల పెట్టె

వజ్రకరూరులో తొలివాన పడితే జనం ఆకాశం వైపు చూడరు, నేల వైపు చూస్తారు. వాన కడిగిన ఎర్రమట్టిలో ఎక్కడ ఏ వజ్రపురాయి మెరుస్తుందో ఎవరికెరుక. ఎక్కడెక్కడివాళ్ళో సద్దిమూటలతో వచ్చి, తలలు వంచుకుని పొలాల్లో తిరుగుతారు. రాయి దొరికినవాడు కేక పెట్టడు. ఉన్నట్టుండి మాట తగ్గిస్తాడు. అందుకే ఆ ఊళ్ళో ఎవరైనా మౌనంగా ఉంటే ఎవరూ నమ్మరు.

రెండువేల మూడు జూన్‌లో ఎర్రిస్వామి తన తమ్ముడు జయరాముడి మౌనాన్ని నమ్మడం మానేశాడు.

జయరాముడు పుట్టపర్తిలో ఒక లాడ్జిలో గదులు ఊడ్చే పనిలో ఉన్నాడు. ఏటా వేరుశనగ విత్తడానికి ఊరికొస్తాడు. పొలం అన్నదమ్ములిద్దరిదీ, ఉమ్మడిది. నాగలికి ఏది తగిలినా మొదట పెద్దోడి అరచేతిలో పెట్టాలన్నది పోతూ పోతూ వాళ్ళ నాయన చెప్పిన మాట. ఇన్నేళ్ళలో ఆ అరచేతిలో పడ్డవి తుప్పు పట్టిన ఎద్దులాడం ఒకటి, గాజుపెంకు ఒకటి.

ఈసారి జయరాముడు ఒక చిన్న రేకుపెట్టె తెచ్చాడు. దానికి తాళం. తాళంచెవి అతని మొలతాడుకు వేలాడుతోంది.

ఒక మధ్యాహ్నం చొప్పవామి వెనక జయరాముడు దేన్నో రెండు వేళ్ళ మధ్య పట్టుకుని, ఒక కన్ను మూసి, ఎండకేసి చూస్తూ అన్నకు కనిపించాడు. ఆ నిలబడే తీరు ఏమిటో వజ్రకరూరులో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. అడుగుల చప్పుడుకి అతని పిడికిలి మూసుకుంది.

"ఏందిరా అది?"

"ఏంల్యాదన్నా."

"ఏంల్యాకుంటే ఒంటికన్ను ఎందుకు మూసినావు?"

"దుమ్ము పడిండాది."

గాలే లేని పూట. ఆకు కదలని ఆ ఎండలో దుమ్ము ఎక్కణ్ణుంచి వచ్చిందా అని ఎర్రిస్వామి ఇంటిదాకా ఆలోచిస్తూనే నడిచాడు. తమ్ముడి ఒంటి మీది కొత్త చొక్కా అప్పుడు గుర్తొచ్చింది. భార్య తిమ్మమ్మతో ఆ మాటే అన్నాడు.

"కొత్త చొక్కా తొడిగితే వజ్రం దొరికినట్లేనా? అట్లయితే మన బస్సు కండక్టరుకి గనే దొరికింటాది," అని నవ్వింది తిమ్మమ్మ. చేట విదిలించి గోడకు ఆనించింది. "అయినా... మొన్న ఆ పెట్టె కింద ఊడ్చబోతే, చీపురు నా చేతిలోంచి పెరుక్కుని తానే ఊడ్చినాడప్పా."

మర్నాడు పొలంలో, పక్క చేనువాళ్ళు వింటుండగానే, ఎర్రిస్వామి తమ్ముడి ముఖం చూడకుండా అన్నాడు: "ఈ విత్తనం అయినాక భాగాలు చేసుకుందాం."

గింజలు పట్టుకున్న జయరాముడి చెయ్యి సాలు మీద ఆగిపోయింది. "ఎందుకన్నా?"

"ఎందుకో నీకే తెలుసు."

ఆదివారం గుంతకల్లు నుంచి పాత మోటారుసైకిల్ మీద ఒకాయన వచ్చాడు. భుజాన సంచీ, జేబులో భూతద్దం. జయరాముడు ఎక్కడని అడిగాడు. రాళ్ళు కొనే దళారులు ఇలాగే వస్తారు. ఎర్రిస్వామి వెళ్ళి తమ్ముడి గది కిటికీ పక్కన గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"నడిమధ్యన తూటు చూడండి సారూ, ఎంత గుండ్రంగా ఉండాదో."

"అమ్ముతావా?"

"అమ్మను. కావాలంటే ఒకటికొకటి మార్చుకుందాం."

ఎర్రిస్వామి తలుపు నెట్టుకుని లోపలికి దూకాడు. "ఉమ్మడి పొలంలోది మార్చనీకి నువ్వెవడ్రా!"

చాప మీద నాణేలు పరుచుకుని ఉన్నాయి. ఎన్నో ఊళ్ళ చందమామలు ఒకే ఆకాశంలోకి వచ్చి దారి మరిచిపోయినట్టు. ఒకదానికి ఏడు మూలలు. ఒకదాని అంచు తెలుపు, పొట్ట పసుపు. ఒకదాని మీద ఎవరో రాణి, ఎటో చూస్తోంది.

"నేను శ్రీరంగప్పను. రైల్వేలో గుమాస్తానప్పా," అన్నాడు వచ్చినాయన, బెదిరిపోయి. "వజ్రాల బేరమే ఉంటే ఈ బండి తోల్తానా?"

జయరాముడు నెమ్మదిగా చెప్పాడు. "లాడ్జికొచ్చే దేశందేశపోళ్ళు పోయేటప్పుడు సొరుగుల్లో వదిలేసి పోతారన్నా. దుడ్లు మార్చే అంగళ్ళలో నోట్లే తీసుకుంటారు, బిళ్ళలు తీసుకోరు. ఎనక్కిస్తే, నువ్వే ఉంచుకో అంటారు. ఇది ఇటలీది. ఇప్పుడు వాళ్ళ దేశంలోనే చెల్లదంట."

"చెల్లని దుడ్లకి తాళమేందిరా?"

"చెల్లవు కాబట్టే అన్నా. చెల్లేవైతే ఎప్పుడో ఖర్చయిపోయేవి. గది ఊడ్చేటప్పుడు ఒకటి దొరికిందనుకో, ఆ పొద్దంతా నేను ఆ దేశంలోనే ఉంటా."

"మరి నాకెందుకు చూపీలేదు?"

"పొలంలో దొరికింటే మొదట నీ చేతిలోనే పెట్టింటాను. ఇవి పొలంలోవి కావు కదా. చూపిస్తే, మీసాలొచ్చినోడికి బిళ్ళలాటేందిరా అంటావు."

సరిగ్గా ఆ మాటే ఎర్రిస్వామి నాలుక మీద ఉంది. మింగేశాడు. అయినా అనుమానం అంత తొందరగా పోయేది కాదు. పెట్టె తలకిందులు చేసి దులిపాడు. అడుగున ఇంకో అడుగుందేమోనని వేలితో తట్టి చూశాడు. కాస్త తుప్పు రాలింది.

జయరాముడు తూటున్న నాణెం తీసి అన్న అరచేతిలో పెట్టాడు. "జపాన్‌ది. బయట ఎండలో చూడన్నా."

ఎర్రిస్వామి వాకిట్లోకి వెళ్ళాడు. పసుపు లోహం మీద ఒంగిన వరికంకి, దాని కింద సన్నని గీతలు. గీతలు కావు, నీళ్ళు.

"ఏ దేశమప్పా ఇది," అనుకున్నాడు, "దుడ్ల మీద కూడా నీళ్ళు పారించుకుంటాది!"

నాణేన్ని పైకెత్తి, ఒక కన్ను మూశాడు. ఆ గుండ్రటి కిటికీలో అవతలి పొలం ముక్క కనిపించింది, ఎవరో అప్పుడే చేసి ఇచ్చినంత కొత్తగా.

"ఏందప్పా అది?"

దారి మీద మేకల వెనక ఈరన్న నిలబడి చూస్తున్నాడు. ఎర్రిస్వామి పిడికిలి దానంతటదే మూసుకుంది.

"ఏంల్యాదు."

"మరి కన్నెందుకు మూసినావు?"

"దుమ్ము పడిండాది."

ఈరన్న మేకల్ని ముందుకు పోనిచ్చి, తను అక్కడే కాసేపు ఆగి వెళ్ళాడు.

భాగాల మాట ఎర్రిస్వామి మళ్ళీ ఎత్తలేదు. ఎత్తకపోవడమే ఊరికి రుజువైంది. ఇద్దరికీ కలిసే దొరికింది, అందుకే కలిసిపోయారు అన్నారు. మర్నాడు విత్తనం వేస్తుంటే గట్టు మీద జనం, ఏ పనీ లేనట్టు నిలబడి, రెండు జతల చేతుల్నే చూస్తున్నారు.

సాలు మలుపులో ఎర్రిస్వామి తమ్ముడి పక్కకొచ్చి, పెదవులు కదలకుండా అడిగాడు.

"రేయ్, ఆ తాళం గట్టిదేనా?"