ఆపరేటరమ్మ కలిపిన పాట

ఆసుపత్రి టెలిఫోన్ల దగ్గర కూర్చునే ఆపరేటరమ్మకు పుట్టుకతోనే చూపు లేదు. ఈ మాట ముందే చెప్పేయడం మంచిది. ఆవిడ గురించి మాట్లాడేవాళ్ళంతా ఈ సంగతి చివరిదాకా దాచి, వినేవాళ్ళ చేత అయ్యో అనిపించాలని చూస్తారు. అయ్యో అంటే ఆవిడకు ఒళ్ళు మంట.

ఆ శనివారం ఆవిడకు సెలవు. తొమ్మిదింటికి వదిన వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా కుర్చీలో కూలబడింది.

“అయిపోయిందమ్మా. ఆ రికార్డింగు షాపాయన చేతులెత్తేశాడు.”

వదిన అదే ఆసుపత్రిలో, దుప్పట్లు ఉతికే చోట పనిచేస్తుంది. అక్కడి ఆడవాళ్ళు దుప్పట్లు మడతపెడుతూ తమ సొంత పాట ఒకటి పాడుకుంటారు. రేడియోవాళ్ళు పనివాళ్ళ పాటల పోటీ పెట్టారని వినగానే వదిన పేరిచ్చేసింది. అందరూ కలిసి పాడిన పాట ఒకే ఫైలుగా పంపాలి. గడువు ఆ రోజు మధ్యాహ్నం పన్నెండు. చిక్కేమిటంటే, ఆ పదకొండు మందివీ మూడు షిఫ్టులు. ఒకళ్ళు లోపలికి వస్తుంటే ఇంకొకళ్ళు బయటికి పోతుంటారు. అందుకని వదిన ముందు తను పాడి అందరికీ పంపింది. మిగతా పదిమందీ అది ఇయర్‌ఫోన్లో వింటూ, ఎవరింట్లో వాళ్ళు ఫోన్లో పాడి పంపారు.

“అన్నీ ఒకేసారి పెడితే సంతలో ఉన్నట్టుందట. అందర్నీ ఒకచోట కూర్చోబెట్టి పాడించండి, లేకపోతే లేదన్నాడు. ఉతికేవాళ్ళకి పాటలెందుకని ఆఫీసులో ముందే నవ్వారు. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?”

“ముందు ఆ ఫైళ్ళు ఇటివ్వు వదినా. ఏడవడానికి పన్నెండు దాటాక బోలెడు టైముంది.”

షాపాయన దగ్గర రంగురంగుల గీతలు చూపించే ప్రోగ్రాము ఉంది. ఆపరేటరమ్మకు ఆ గీతలతో పనిలేదు, మౌసుతో అంతకన్నా పనిలేదు. ఆవిడది ఉత్త నల్లటి తెర. కమాండ్ టైపు చేస్తే జవాబు అక్షరాల్లో వస్తుంది, చెవిలోని యంత్రం గొంతు దాన్ని చదివి పెడుతుంది. కళ్ళున్నవాళ్ళు చాలామంది ఆ తెర చూడగానే హడలిపోతారు. ఆవిడకది తన వంటింటి అలమర లాంటిది. ఏది ఎక్కడుందో చేతికి తెలుసు.

ఒక్కో ఫైలూ మొదటినుంచి వింటూ మూడోదాని దగ్గర ఆగింది.

“వదినా, పాటకి ముందు ఈ టప్పుమనేదేంటి?”

“తువ్వాలు దులపడం. దుప్పటి దులిపాకేగా మడత మొదలెడతాం, ఆ అలవాటు. నేను దులిపిన చప్పుడు విని వాళ్ళూ దులిపారు.”

“అందరూనా?”

“దులపకపోతే పాట నోటికి రాదమ్మా మాకు!”

ఆపరేటరమ్మకు ప్రాణం లేచొచ్చింది. రికార్డింగు బటను ఎవరు ఎప్పుడు నొక్కితేనేం, తువ్వాళ్ళు మాత్రం పాటలో ఒకే చోట దులిపారు. నిశ్శబ్దం ఎన్నో సెకనులో చెదిరిందో అంకెల్లో చెప్పే కమాండ్ ఒకటుంది. ఒకరిది రెండున్నర, ఒకరిది నాలుగుంపావు. ఆ చప్పుడుకు ముందున్నదంతా ప్రతి ఫైల్లోనూ కత్తిరించేసింది. ఏడోది మాత్రం మొండికేసింది. ఆవిడెవరో ముందు దగ్గి, ఆ తర్వాత దులిపింది. దాన్ని చెవితోనే పట్టుకుంది.

పదకొండున్నరకు అన్ని ఫైళ్ళ పేర్లూ ఒకే కమాండులో రాసి, కలపమని ఎంటర్ కొట్టింది. పాట వచ్చింది, కానీ పక్కవీధిలోంచి వస్తున్నంత పీలగా వచ్చింది. వదిన కుర్చీలోంచి లేచింది.

“పాడైపోయిందా?”

“లేదు వదినా. ఈ కమాండ్ మరీ మర్యాదస్తురాలు. పదకొండు మంది ఒక్కసారే వచ్చారు, గోలైపోతుందేమోనని ఒక్కొక్కరి గొంతూ పదకొండో వంతుకి తగ్గించేసింది.”

ఆ తగ్గింపు వద్దని చివర్న ఒక్క ముక్క చేర్చింది. ఈసారి గొంతులన్నీ ఒకదానిమీద ఒకటి పడి బరబరమన్నాయి. అందరినీ సమంగా కాస్త దించి, మళ్ళీ ఎంటర్ కొట్టింది.

ఒక్కటే టప్పుమన్న చప్పుడు. వెంటనే పదకొండు గొంతులు, నిండుగా.

వదిన పద్నాలుగేళ్ళుగా పాడుతున్న పాటే అది. కానీ పదకొండు మందీ కలిసి పాడగా ఆమె ఎన్నడూ వినలేదు. వెక్కి వెక్కి ఏడ్చింది.

“ఇంకా పన్నెండు కాలేదు వదినా,” అని ఆపరేటరమ్మ దెప్పింది గానీ, పాట మళ్ళీ మొదట్నుంచి పెట్టింది. పదకొండూ యాభై రెండుకు ఫైలు వెళ్ళిపోయింది.

తర్వాతి బుధవారం ఉదయం ఆసుపత్రిలో ఫోను మోగింది. రేడియో నుంచి ఒకాయన.

“మీవాళ్ళ పాటకి మొదటి బహుమతి వచ్చిందండీ. పదకొండు ఇళ్ళల్లో విడివిడిగా పాడిందని రాశారు, మా ఇంజనీర్లు నమ్మలేకపోతున్నారు. అంత చక్కగా కలిపినాయన ఎవరో, ఆయనకి లైనివ్వండి. మాట్లాడాలంటున్నారు.”

పందొమ్మిదేళ్ళుగా డాక్టర్లకు, వార్డులకు, మందుల స్టోరుకు లైన్లిస్తూనే ఉంది ఆవిడ. తన కోసం వచ్చిన ఫోను ఇదే మొదటిది. కుర్చీలో నిటారుగా సర్దుకుని కూర్చుంది.

“లైన్లోనే ఉన్నానండీ,” అంది. “చెప్పండి.”