రెండున్నర కిలోల దగ్గర స్తంభం

“ఊరికే వచ్చినదాంతో వేసిన లెక్కని ఎవడు నమ్ముతాడమ్మా?”

ఆసుపత్రి సూపరింటెండెంటు ఈ మాట అడిగినప్పుడు గదిలో ఇంకో ఇద్దరున్నారు. ఇద్దరూ కిటికీ వైపు చూశారు. లెక్కలక్క మాత్రం ఆయన మొహంలోకే చూసింది. రికార్డుల విభాగంలో ఇరవై రెండేళ్లుగా ఉన్న మనిషి. అసలు పేరు జీతం కాగితంలో తప్ప ఎక్కడా కనిపించదు. పుట్టినవాళ్లు, పోయినవాళ్లు, కట్లు కట్టించుకుని ఇంటికెళ్లినవాళ్లు, అందరి లెక్కా మెట్ల కింద ఉన్న ఆమె గదికి చేరి, అక్కణ్నుంచి నెలకోసారి పై ఆఫీసుకు పోతుంది. ఆ గది కప్పు ఏటవాలు. నిటారుగా నిలబడాలనుకుంటే తలుపు దగ్గరే నిలబడాలి.

ఊరికే వచ్చిందని ఆయన అన్నది ఆర్ గురించి. ఒకే అక్షరం పేరుగా ఉన్న గణాంకాల సాఫ్ట్‌వేర్ అది. దేశదేశాల్లో లెక్కలు తెలిసినవాళ్లు తలా ఒక చెయ్యి వేసి రాస్తారు, ఒకరి తప్పులొకరు దిద్దుతారు, కావలసినవాళ్లు పైసా కట్టకుండా ఇంటర్నెట్ నుంచి దించుకుంటారు. జ్ఞానం మానవాళి ఉమ్మడి ఆస్తి అని ఎవరైనా ఉపన్యాసం మొదలుపెడితే లెక్కలక్కకు ఆవలింతలొస్తాయి. ఆమె దాన్ని ఆశయం కోసం పెట్టుకోలేదు. అంతకుముందు ఆసుపత్రి కొన్న ప్యాకేజీ ఒక సోమవారం పొద్దున లైసెన్సు గడువు తీరిందంటూ తెరకు తాళం వేసుకుని కూర్చుంది. కొత్త లైసెన్సు మంజూరుకు ఏడాది పడుతుందన్నారు. నెల నివేదిక శుక్రవారానికల్లా వెళ్లాలి. కాలేజీలో పాఠాలు చెప్పే ఆడపడుచు ఆ సాయంత్రమే వచ్చి ఆర్ పెట్టి వెళ్లింది.

“డబ్బులు తీసుకోకుండా ఎవరిస్తారే? వెనకాల ఏదో ఉంటుంది.”

“వెనకాల ఏముందో కూడా విప్పి చూసుకోవచ్చు వదినా. ఇష్టమైతే చూసుకో.”

మొదటి రెండు నెలల్లో తల ప్రాణం తోకకొచ్చింది. ఒక కామా తప్పితే ముందుకు కదలదు. “ఇంత చిన్నదానికి ఇంత అలకా! మీ అన్నయ్యే నయం” అంది ఫోన్లో.

“అన్నయ్య ఎందుకు అలిగాడో చెప్పడు కదా వదినా. ఇది ఏ లైన్లో అలిగిందో చెప్తుంది.”

ఆ మాటలో నిజం ఉందని లెక్కలక్క ఒప్పుకుంది, భర్త వినకుండా.

అలా కుదురుకుంటున్న రోజుల్లో పై ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. రెండున్నర కిలోలకు తక్కువ బరువుతో పుట్టిన పిల్లల్ని మూడు రోజులు ఉంచే గది ఒకటుంది. ఆరు తొట్లు, ఆరు వార్మర్లు; సిబ్బంది దాన్ని వెచ్చగది అంటారు. అలాంటి పిల్లలు వందకు ఎనిమిది మందే పుడుతున్నారు, తొట్లు సగం ఖాళీ, కాబట్టి ఆరు వారాల్లో మూసేసి గదిని స్టోరుకు ఇవ్వమని ఉత్తరం సారాంశం. లెక్కలక్క ఉత్తరం రెండుసార్లు చదివింది. ఆ ఎనిమిది తను పంపిన అంకే.

అంకె సరిగ్గా ఉందా లేదా అని ఏడాది కాన్పులన్నీ, మూడు వేల వంద బరువులు, ఆర్‌లో గ్రాఫుగా గీసింది. గుట్టలా పైకి లేచి, మెల్లగా దిగాల్సిన బొమ్మ. మధ్యలో సరిగ్గా రెండు వేల అయిదు వందల గ్రాముల దగ్గర ఒంటి స్తంభం లేచింది. దానికి ఎడమపక్కన గొయ్యి.

ఊరికే వచ్చిన సరుకు కదా, చెడిపోయిందనుకుంది. ఆర్ వాడేవాళ్లు ఒకరినొకరు సందేహాలు అడిగే మెయిలింగ్ లిస్టు ఒకటుంది. మీ గ్రాఫు తప్పు గీస్తోంది అని ముక్కు మీద గుద్దినట్టు రాసేసింది. ఎక్కడో ఉన్న, రెండక్షరాలతో సంతకం పెట్టే ఒక అపరిచితుడు జవాబిచ్చాడు: మీ మూడు వేల వరుసలు మాకొద్దు. పేర్లు తీసేసి ఇరవై వరుసలు చేత్తో తయారుచేసి పంపండి. మీకు వచ్చిన తప్పు మా దగ్గరా రావాలి, అప్పుడే చూస్తాం.

“వాడి సరుకు చెడిపోతే పని నాకు చెప్తాడా?” అని ఆడపడుచు మీద విరుచుకుపడింది.

“అక్కడెవరూ జీతానికి లేరు వదినా. నీకోసం పది నిమిషాలు పెట్టాలంటే వాళ్ల చేతికి అందేలా పెట్టాలి. అందరికీ అదే పద్ధతి.”

తిట్టుకుంటూనే కాన్పుల రిజిస్టరు తెప్పించింది. చేతికొచ్చిన పేజీ తీసి, స్కేలు పెట్టి, వరుసగా ఇరవై బరువులు ఎక్కించబోయింది. ఏడో వరుస దాకా వచ్చి ఆగింది. లెక్కపెడితే ఇరవై బరువుల్లో ఏడు సరిగ్గా రెండు వేల అయిదు వందలు. ఒకచోట సిరా మందంగా ఉంది. కాగితం వెలుతురుకు ఎత్తి చూస్తే అయిదు కింద నాలుగు, సున్నా కింద ఆరు. రెండు వేల నాలుగు వందల అరవై.

సాఫ్ట్‌వేర్ ఉన్నదున్నట్టే గీసింది. ఏడాదిగా ఆమెకు చేరిన కాగితమే బొంకింది.

లేబర్ రూమ్ పెద్ద సిస్టర్ దగ్గరికి రిజిస్టరు చంకలో పెట్టుకుని వెళ్లింది. ఇద్దరూ ఒకే ఏడాది ఉద్యోగంలో చేరినవాళ్లు.

“ఈ నాలుగు అయిదెలా అయిందే?”

పెద్ద సిస్టర్ చూసింది. దాచలేదు. “రెండున్నరకి తక్కువ రాస్తే ఒక్కో బిడ్డకి నాలుగు పేజీల ఫారం, మూడు కాపీలు. ముగ్గురం ఉంటాం, రోజుకి ఎనిమిది తొమ్మిది కాన్పులు. నలభై గ్రాములంటే ఎంత, చుట్టిన బట్టంత. బట్టతో కలిపి తూచాననుకుంటాను.”

“ఆ బట్టే ఇప్పుడు వెచ్చగదిని మూయిస్తోంది.”

ఆవిడ రిజిస్టరు మూసేసింది. రెండున్నర అని రాసి రెండో రోజే ఇంటికి పంపినవాళ్లలో కొందరు బిడ్డ ఒళ్లు చల్లబడుతోందంటూ వారానికే తిరిగొచ్చిన సంగతి ఆవిడకే బాగా తెలుసు. “నా ఉద్యోగం పీకించి వెళ్తావా?”

“నీ ఉద్యోగం ఏం చేసుకుంటాను? ఒక బేరం. ఈ నెల బట్ట లేకుండా తూచి, గ్రాముతో సహా రాయండి. ఫారాలు నేను చూసుకుంటా.”

“నెలకి యాభై ఫారాలు రాస్తావా? చెయ్యి పడిపోతుందే!”

“చెయ్యెందుకు? రిజిస్టరు ఎక్కిస్తే నాలుగు పేజీలూ మూడేసి కాపీలూ ఆరే అచ్చేసి ఇస్తుంది.”

ఇచ్చింది కూడా. నాలుగు రోజులు పేజీల అంచులు తెగ్గొట్టింది, అయిదో రోజు కుదిరింది. నెల తిరిగేసరికి స్తంభం కూలి, గొయ్యి పూడి, బొమ్మ మామూలు గుట్టలా తయారైంది. రెండు వందల నలభై ఎనిమిది మందిలో నలభై తొమ్మిది మంది రెండున్నర కిలోల లోపు. ఎనిమిది కాదు, వందకు ఇంచుమించు ఇరవై.

ఇదే సూపరింటెండెంటు ముందు పెట్టినప్పుడు ఆయన ఎవడు నమ్ముతాడమ్మా అని అడిగాడు. “రేపు తప్పని తేలితే ఎవర్ని పట్టుకోవాలి?” అని కూడా అడిగాడు.

“నమ్మొద్దు సార్. లెక్క వేసిన ప్రతి లైనూ ఇందులో ఉంది, పేర్లు తీసేసిన బరువులూ ఉన్నాయి. పై ఆఫీసు వాళ్లనే నడిపి చూసుకోమనండి. తప్పుంటే నన్ను పట్టుకోండి.”

పంపించాడు. మూసివేతకు పది రోజులుంది. మూడో రోజు పై ఆఫీసు గణాంకాధికారి నుంచి జవాబొచ్చింది: మీ కోడ్‌లో తప్పుంది.

లెక్కలక్క కుర్చీలోంచి లేచి కప్పుకు తల కొట్టుకుంది. ఇరవై రెండేళ్లలో అది మొదటిసారి కాదు గానీ, నొప్పి తెలియకపోవడం మొదటిసారి.

ఒకే తల్లి నంబరు రెండుసార్లు వస్తే పొరపాటున రెండుసార్లు ఎక్కిందని ఒక వరుసను కొట్టేయమని ఆమె రాసింది. రికార్డుల మనిషికి అది పాతికేళ్లకైనా పోని అలవాటు. కవల పిల్లలకు తల్లి ఒక్కరే అని తట్టలేదు. ఆరుగురు బిడ్డలు లెక్కలోంచి జారిపోయారు; వాళ్లలో అయిదుగురు తక్కువ బరువువాళ్లే. ఆ లైను తనే దిద్ది పంపానని అధికారి రాశాడు. రెండు వందల యాభై నాలుగులో యాభై నాలుగు. వందకు ఇరవై ఒకటి. మూసివేత ఉత్తర్వు ఆపేస్తున్నామని కింద ఇంకో వాక్యం.

“తప్పు పట్టాడంటే మొత్తం చదివాడన్నమాట” అన్నాడు సూపరింటెండెంటు, కాస్త ఈర్ష్యగా. “పాత ప్యాకేజీ లెక్కలు పదేళ్లు పంపాం. ఒక్కడూ ఒక్క ముక్క అడగలేదు.”

రిజిస్టరులోని ఆ ఇరవై వరుసలు పేర్లు లేకుండా జతచేసి లిస్టుకు ఆమె మళ్లీ రాసింది: తప్పు మీది కాదు, మాది. ఆ రెండక్షరాల మనిషి ఒక్క వాక్యంతో జవాబిచ్చాడు: ఆ ఇరవై వరుసలు అక్కడే ఉంచండి, ఇంకొకరికి పనికొస్తాయి. ఇప్పుడు లిస్టులో కొత్తవాళ్లెవరైనా మీ గ్రాఫు తప్పని విరుచుకుపడితే లెక్కలక్కే జవాబిస్తుంది, ఇరవై వరుసలు పంపండి అని. అంతకంటే మర్యాదగా రాయమని ఆడపడుచు చెప్తుంటుంది. వినదు.

లేబర్ రూమ్‌లో ఇప్పుడు తూకానికి ముందు బట్ట విప్పుతారు. కొత్త లైసెన్సు కోసం అడిగిన డబ్బు ఎట్టకేలకు మంజూరైనప్పుడు సూపరింటెండెంటు ఆ పద్దు మార్పించి రెండు వార్మర్లు కొన్నాడు. వెచ్చగదిలో ఎనిమిది తొట్లున్నాయి. పాత ప్యాకేజీ కంపెనీకి ఆఖరి ఏడాది తాలూకు నలభై రెండు వేలు ఆసుపత్రి ఇంకా బాకీ ఉంది; అంటే ఆ ఏడాది అదీ ఊరికే వచ్చినట్టే.