బోణీకి వచ్చిన రెండింతల బేరం

ముందే చెప్పేస్తున్నాను. గోరంత దొరికితే కొండంత చేసే జబ్బు నాది. మా ఇంటి పిల్లి చుంచెలుకను పట్టినా, నేను చెప్పేటప్పటికి అది పులిని పట్టి ఉంటుంది. కాబట్టి ఈ కింద రాసిన దాంట్లో కొంత తీసేసి చదువుకోండి. ఏది తీసేయాలో చివర నేనే చెబుతాను.

అరసవల్లి సూర్యదేవుడి గుడి దగ్గర మా బావది కొబ్బరికాయల కొట్టు. ఆదివారం ఆయన పేర్చే కాయల గుట్ట పక్క లాడ్జి మూడో అంతస్తుకు ఎండ తగలనివ్వదు. ఆ గుట్ట వెనక స్టూలు మీద మా అక్క. రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. లేచిందంటే ఆ చప్పుడుకి శ్రీకూర్మం గుళ్ళో తాబేళ్ళు తలలు లోపలికి లాక్కుంటాయి. విశాఖపట్నంలో ఆపరేషన్ చేయించాలని బావ మూడేళ్ళుగా కూడబెట్టాడు. కూడబెట్టినదంతా, ఎవరో చెప్పగా, ఫోన్లో క్రిప్టో నాణేలుగా మార్చి దాచాడు.

బావకి ఒక పట్టింపు ఉంది. బోణీ బేరం కాదనడు. తెల్లారి మొదట వచ్చినవాడు సగం ధరకి అడిగినా, లోపల తిట్టుకుంటూ ఇచ్చేసి, ఆ డబ్బు కళ్ళకద్దుకుంటాడు. మొదటి బేరాన్ని వెనక్కి పంపితే ఆ రోజంతా కొట్టుకి ఈగలే వస్తాయట.

ఒక ఆదివారం కొట్టు తలుపు తీసేసరికి బోణీకి మనిషి రాలేదు, ఫోన్లో వీడియో వచ్చింది. ప్రపంచంలోకెల్లా డబ్బున్న ఒకాయన ముఖం. మాటకీ పెదవికీ పొత్తు లేదు. ఒక నాణెం పంపితే రెండు తిరిగి పంపుతానంటున్నాడు. పక్కన గడియారం వెనక్కి పరుగెడుతోంది. కింద వందలమంది "నాకొచ్చింది, నాకొచ్చింది" అంటున్నారు, అందరివీ ఒకే అచ్చులో పోసిన మాటలు.

నేను కొబ్బరికాయల గుట్టని ఒక్క దూకులో దాటి బావ చెయ్యి పట్టుకున్నాను.

"బావా, ఊరికే ఇచ్చీవోడు ముందు నీ దగ్గర పుచ్చుకుంటాడేటి? ఆ మొకం మాయబొమ్మ. ఆ గడియారం నిన్ను ఆలోసించనీకుండా పెట్టిందే!"

"ఒరే, మొన్న నాగావళిలో తిమింగలాన్ని సూసేనన్నావు. నీ మాట ఇనాలేటి? బోణీ బేరంరా ఇది, కాదంటే పోతాది."

పంపేశాడు. మోకాళ్ళ డబ్బంతా. పంపి, ఫోను కళ్ళకద్దుకున్నాడు.

గడియారం సున్నాకి రాగానే వీడియో మాయమైంది. ఆ రోజు గిరాకీ బాగానే సాగింది. కాయకీ కాయకీ మధ్య బావ ఫోను చూసుకున్నాడు. సాయంత్రం ఒక మెసేజి వచ్చింది. రెండింతలూ సిద్ధంగా ఉన్నాయట, విడిపించాలంటే ఇంకొంచెం ఫీజు పంపాలట. అప్పుడు అక్క ఫోను లాక్కుంది.

"బోణీ అంటే మనకి రావాల గానీ, మన సేతిలోంచి పోడమేటయ్యా?"

అంతే. ఆ ఫీజు మాత్రం పంపనివ్వలేదు.

సైబర్ పోలీసు స్టేషన్లో ఫిర్యాదు రాసుకున్నారు. చెయ్యి దాటిన ఆ నాణేలను వెనక్కి పిలవడం తమ వల్ల కూడా అయ్యే పని కాదన్నారు.

అక్క ఇప్పటికీ ఆ స్టూలు మీదే ఉంది. లేవాలంటే గుట్ట మీద చెయ్యి ఆనిస్తుంది, నాలుగు కాయలు దొర్లుతాయి, వాటిని వంగి తీసుకోవడం ఆమె వల్ల కాదు. బావ తెల్లారి మొదట వచ్చినవాడితో కూడా "అంతకి రాదు" అనేస్తున్నాడు.

ఇక నేను ఇచ్చిన మాట. గుట్ట ఎత్తు, తాబేళ్ళ భయం మీరు ఎలాగూ తీసేసే ఉంటారు. నేను అసలు కల్పించింది ఆ దూకడం, ఆ హెచ్చరిక. గుట్ట దూకలేదు, చెయ్యి పట్టుకోలేదు, తిమింగలం మాట బావ అననే లేదు. అలాంటి మోసం గురించి ముందు వారమే పేపర్లో చదివాను. అయినా కొట్టు మెట్టు మీద అరటిపండు తింటూ కూర్చున్నాను. బావ పంపబోతూ ఆగి, నా వైపు చూసి, "ఏటంటావురా?" అని అడిగాడు.

"నాకు సగం ఇస్తావేటి?" అన్నాను.

వందో రెండొందలో పంపుతాడు, ఏడాదంతా చెప్పుకుని నవ్వొచ్చు అనుకున్నాను. ఆ పొద్దు వద్దని ఉంటే బావ వినేవాడు. వినాలనే అడిగాడు.