వెర్నా ఓడిపోవాల్సిన ఆట

పేకాటలో అదృష్టమంటే గెలవడమేనని బయటివాళ్ళు అనుకుంటారు. రీనో క్యాసినోలో పందొమ్మిదేళ్ళుగా ముక్కలు పంచుతున్నదాన్ని, నన్నడగండి చెబుతాను. చెత్త ముక్కలతో కూర్చుని ఆఖరి ముక్క దయవల్ల గెలిచినవాణ్ణి మా బల్ల దగ్గర ఎవరూ మెచ్చుకోరు, లోపల్లోపల తిట్టుకుంటారు. మా దగ్గర అసలైన అదృష్టం ఓడిపోవడంలో ఉంది. ఒకే అంకె ముక్కలు నాలుగూ మన దగ్గరే ఉండి కూడా, అంతకన్నా పెద్ద ముక్కలున్నవాడి చేతిలో ఓడిపోవాలి. ప్రతి ఆటలోంచీ డాలరు చొప్పున తీసి పోగేసిన జాక్‌పాట్‌లో సగం అలా ఓడినవాళ్ళదే. గెలిచినవాడికి పావు వస్తుంది. మిగతా పావు బల్ల చుట్టూ కూర్చున్నవాళ్ళు పంచుకుంటారు.

షరతు ఒకటుంది. ఆట తేలేదాకా ఆ జాక్‌పాట్ మాట ఎవరి నోటా రాకూడదు, ఊరికే చూసేవాళ్ళ నోటా రాకూడదు. వచ్చిందా, ఎవరికీ చిల్లిగవ్వ దక్కదు.

వెర్నా టాలివర్ ముప్ఫయ్యొక్కేళ్ళు స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి. పొద్దున పదింటి ఆటకి వచ్చి మూడో కుర్చీలో కూర్చునేది. గెలిచినా ఓడినా మొహంలో ఏమీ కనిపించనిచ్చేది కాదు. వెనక స్టూలు మీద ఆమె మొగుడు హార్లన్ ఉండేవాడు. ముక్క ముట్టడు. ఊరికే పోసే కాఫీ తాగుతూ అందరి కబుర్లూ అందరికీ చేరవేసేవాడు. అతని నోట్లో నువ్వుగింజ నానదు.

"బస్సుకి బ్రేకులేశాను గానీ నీ నోటికి వెయ్యలేకపోయాను హార్లన్" అనేది వెర్నా.

"నీ నోటికున్నాయిగా బ్రేకులు, ఇద్దరికెందుకూ?" అనేవాడు అతను. బల్లంతా నవ్వేది.

ఆ ఫిబ్రవరిలో చక్రాల మీద నిలిచే వాళ్ళ ట్రైలరు ఇల్లు ఉన్న స్థలాన్ని యజమాని అమ్మేశాడు. నెలాఖరులోగా ఇంటిని లాగించుకుపోకపోతే పడగొట్టేస్తామని తలుపుకి కాగితం అంటించారు. లాగించడానికి పదకొండు వేల డాలర్లు కావాలి. వెర్నా దగ్గర వెయ్యి కూడా లేదు. మా చిన్న పందేల బల్ల మీద అంత డబ్బు ఎవరూ సంపాదించలేరు. ఆ సంగతి నాకు తెలుసు, ఆమెకీ తెలుసు. అయినా రోజూ వచ్చేది. ఎక్కడికి పోతుంది మరి?

జాక్‌పాట్ అప్పటికి ఎనభై వేలకి చేరింది.

ఇరవై మూడో తారీఖు, గురువారం. బల్ల మీద అందరికీ చెందే అయిదు ముక్కలు తెరిచాను. ఇస్పేటులో ఏడు, ఎనిమిది, తొమ్మిది, కళావరు ఎనిమిది, ఒక రాజు. మిగతావాళ్ళంతా ముక్కలు పడేశారు. టైర్ల షాపు గస్ పందెం కాశాడు. వెర్నా తన రెండు ముక్కల అంచు ఎత్తి చూసుకుంది. ఆమె మెడ మీద నరం కొట్టుకోవడం నాకు కనిపించింది. మిగతా రెండు ఎనిమిదులూ ఆమె దగ్గరే ఉన్నాయని అర్థమైంది. గస్ దగ్గర ఇస్పేటు పది, జాకీ ఉంటే ఏడు నించి జాకీ దాకా ఇస్పేటు వరస కుదిరి, నాలుగు ఎనిమిదుల్నీ మించి అతనే గెలుస్తాడు. దేవుడా, ఈమెని ఓడించు అని మొక్కుకున్నాను.

వెర్నా చెయ్యి పందెం బిళ్ళల మీదికి వెళ్ళింది. ఇంకా ముందుకి తొయ్యలేదు. హార్లన్ ఆమె భుజం మీదుగా వంగి చూశాడు.

"ఓసినీ! వెర్నా, గస్ దగ్గర గనక వరస ఉంటే మనకి జాక్‌పాటే!"

వెర్నా ఒక్క క్షణం కళ్ళు మూసుకుని, బిళ్ళలు ముందుకి తోసింది. గస్ ముక్కలు తిప్పాడు. ఇస్పేటు పది, ఇస్పేటు జాకీ. వెర్నా తిప్పింది. రెండు ఎనిమిదులు.

నేను సూపర్‌వైజరు డ్వేన్‌ని పిలవక తప్పలేదు. పైన కెమెరాలున్నాయి, మాటలు కూడా పడతాయి.

"మధ్యలో ఎవరైనా మాట్లాడారా?" అన్నాడు డ్వేన్.

"నాకేం వినపళ్ళేదు" అన్నాడు గస్. మిగతా ఆరుగురూ తమ బిళ్ళల వంక చూస్తున్నారు. డ్వేన్ నా వైపు తిరిగాడు. అబద్ధం చెప్పే ధైర్యం లేదు, నిజం చెప్పే మనసు లేదు.

"నేను ముందే చెప్పాను!" అన్నాడు హార్లన్ ఛాతీ విరుచుకుని. "వీళ్ళు ముక్కలు తిప్పకముందే చెప్పాను, జాక్‌పాట్ అని! అడగండి కావాలంటే!"

డ్వేన్ పైవాళ్ళని అడగడానికి ఫోను దగ్గరికి వెళ్ళాడు. వెర్నా నా వైపు వంగింది.

"ఏ ముక్క పెద్దదో, ఏది చిన్నదో అన్నీ ఇంట్లో కూర్చోబెట్టి నేర్పాను నాదీన్" అంది చిన్నగా. "నోరు మూసుకోవాలని మాత్రం చెప్పలేదు. ఆయన వల్లేనని ఎవరూ అనకండి. నీకు పుణ్యముంటుంది."

డ్వేన్ తిరిగొచ్చి తల అడ్డంగా ఊపాడు. హార్లన్ నోరు తెరిచేలోగా వెర్నా లేచి అతని మోచెయ్యి పట్టుకుంది.

"ఒక ముక్క సరిపోలేదట" అంది.

"అయ్యో! నీ రాత అంతేనే వెర్నా" అని ఆమె వీపు నిమిరాడు హార్లన్. తనకి రావాల్సిన ఇరవై వేలు పోగొట్టుకున్న గస్ నోరు విప్పలేదు. తలా మూడు వేలు పోయిన ఆ ఆరుగురూ విప్పలేదు.

మార్చి రెండున ట్రైలరు పడగొట్టారు. ఇద్దరూ ఇప్పుడు వెర్నా చెల్లెలి గ్యారేజీలో ఉంటున్నారు. హార్లన్ ఇప్పటికీ కాఫీకి వస్తాడు. "ఆ రోజు సరిపోనిది ఏ ముక్క నాదీన్?" అని అడుగుతాడు. నేను ఏదో ఒక ముక్క పేరు చెబుతాను. పోయినసారి ఏం చెప్పానో గుర్తుండదు. అతను మాత్రం ప్రతిసారీ తల పంకించి, పాపం ఆ ఒక్క ముక్క పడి ఉంటే అంటూ వెర్నా కోసం బాధపడతాడు.