మైనం పూసిన ఎర్ర కారు

మా అమ్మ నా కారును మొదట చేతులతోనే చూసింది. అప్పటికే ఆమె రెండు కళ్లలోనూ పొరలు ముదిరిపోయాయి. మనుషులు నీడల్లాగా, దీపాలు దూదిఉండల్లాగా కనపడేవి. పెళ్లయిన నాటి నుంచీ ధర్మవరంలో మా నాయనతో సమానంగా మగ్గం మీద కూర్చుని పట్టుచీరలు నేసిన మనిషి ఆమె. నాయన పోయాక మగ్గం ఇచ్చేసి, నేనూ అమ్మా అనంతపురం వచ్చి అద్దె ఇంట్లో చేరాం. నేను కొన్నేళ్లు వేరేవాళ్ల జీపు నడిపాను. రెండు వేల సంవత్సరం దాటాక ఒక పాత అంబాసిడర్ కొని టవర్ క్లాక్ దగ్గర బాడుగకు నిలబెట్టాను.

కారును ఇంటికి తెచ్చిన రోజు అమ్మ హెడ్‌లైటు మీద చెయ్యి వేసి, అక్కడి నుంచి నెమ్మదిగా బానెట్ మీదికి, తలుపుల మీదికి నిమురుకుంటూ వచ్చింది. వెనక డిక్కీ దాకా పోయి ఆగింది.

"ఇదేంది నాయనా, సున్నం గోడ మాదిరి గరగరమంటాండాది?"

ఆమె అరచెయ్యి ఎర్రగా అయింది. కారు రంగే పొడిగా రాలి చేతికి అంటుకుంది. ముందు యజమాని ఏళ్ల తరబడి దాన్ని ఎండలోనే నిలబెట్టాడు. మా ఊరి ఎండ ఎండుమిరపకాయను కూడా తెల్లబరిచే ఎండ. ఒకప్పుడు నిండుగా ఉన్న ఎరుపు, పాలిపోయి ఇటుక పొడిలాగా తయారైంది.

స్టాండులో నా పక్కన బండి పెట్టుకునే అన్న ఒకాయన ఉండేవాడు. ఆయన సలహా ఒకటే. "డీజిల్ పూయప్పా. గుడ్డకు రవ్వంత అద్దుకోని రుద్దు, పెండ్లికొడుకు మాదిరి అవుతాది."

పూశాను. నిజంగానే మెరిసింది, మధ్యాహ్నం దాకా. ఆ రోజు శింగనమల బాడుగ తగిలింది. మట్టిరోడ్డు మీద లేచిన దుమ్మంతా వచ్చి ఆ జిడ్డుకు కరుచుకుంది. సాయంత్రం స్టాండులోకి వచ్చేసరికి కారు బెల్లపు పాకంలో ముంచి ఇసుకలో పొర్లించినట్టుంది. తర్వాతి బాడుగకు ఎక్కుతూ తలుపుకు ఆనుకున్న ఒక పెద్దమనిషి తెల్లపంచె మీద పెద్ద మరక పడింది. ఆయన దిగేదాకా ఆ మరకనే చూసుకుంటూ కూర్చున్నాడు.

కడగడానికి నీళ్లెక్కడివి? మా వీధిలో కొళాయి ఏ రోజు వస్తుందో వచ్చేదాకా తెలియదు. బిందెలు నిండాక మిగిలితే కారుకు ఒక బకెట్టు. మిగలకపోతే అదీ లేదు.

ఆ తర్వాత కొన్ని వారాలకు బెంగుళూరు బాడుగ ఒకటి వచ్చింది. దింపాల్సినవాళ్లను దింపి, కారు సామాన్లు అమ్మే వీధికి పోయాను. ఒక అంగడిలో కూర్చున్న ముసలాయన నా మాట విని, "అనంతపురం కడనా?" అన్నాడు. వాళ్ల పెద్దలు హిందూపురం పక్కవాళ్లట. తెలుగులో కన్నడం కలిపి మాట్లాడేవాడు. కారుకు మెరుపు కావాలని చెప్పగానే ఒక ప్రశ్న వేశాడు.

"మెరిసేకి కావల్లా, నిలిచేకి కావల్లా?"

"రెండూ కావల్లన్నా."

ఆయన నవ్వి బల్ల మీద మూడు రకాలు పెట్టాడు. పిచికారీ డబ్బా ఒకటి. అది కొడితే ఆ పూటకు నూనె రాసినట్టు తళతళలాడుతుందట, పెళ్లి ఊరేగింపుకు చాలట. రెండోది సీసాలో తెల్లటి క్రీము. అందులో కంటికి కనపడని సన్నటి గరుకు ఉంటుంది, చచ్చిన రంగును గీకి తీసేస్తుంది, ఊరికే ఊరికే వాడితే బతికున్న రంగును కూడా తినేస్తుంది అన్నాడు. మూడోది చేతిలో పట్టేంత రేకు డబ్బా. మూత తీసి చూపించాడు. లోపల లేత పసుపు రంగులో గట్టిపడిన మైనం.

"నీ బండికి ఒక్కసారి క్రీము పెట్టి చచ్చిందంతా తీసెయ్. ఆమీట ఇది పూయి. ఇది దేన్నీ గీకదు, పైన కూర్చోని కాపు కాస్తాది. దుమ్ము పడినా వట్టి గుడ్డతో తుడిస్తే పోతాది. నీళ్లు లేని ఊరికి ఇదే సరి."

నేను డబ్బాను వాసన చూస్తుంటే ఆయన ఇంకా చెప్పాడు. "ఈ మైనం యాడిదో తెలుసునా? సముద్రాలకు అవతల, మన మాదిరే వానలు లేని సీమలో ఒక జాతి తాటిచెట్టు ఉండాదంట. తన ఒంట్లో తడి ఎండకు ఆవిరైపోకుండా ఆ చెట్టే ఆకులకు దీన్ని పూసుకుంటాదంట. ఆకులు కోసి ఎండబెట్టి దులిపితే పొడి మాదిరి రాలుతాది. దాన్ని కరిగిచ్చి పోస్తే ఇది."

తిరుగు ప్రయాణంలో డబ్బా నా పక్క సీటు మీద ఉంది. రోడ్డుకు రెండు పక్కలా ఎండిపోయిన వేరుశెనగ చేలు, వాటి వెనక బోడిగుట్టలు. ఆ రోడ్డు నాకు కొట్టినపిండే. అయినా ఆ రోజు నా చూపంతా చెట్ల ఆకుల మీదే ఉంది. జిల్లేడు ఆకు మీద తెల్లటి నూగు, బ్రహ్మజెముడు మీద నున్నటి పొర. ఇన్నేళ్లూ వీటి పక్కనుంచే పోయాను. ఇవి కూడా తమ తడిని ఇలాగే దాచుకుంటున్నాయి కాబోలు అనిపించింది.

ఇంటికి వచ్చి అమ్మకు ఈ సంగతి చెప్పాను. ఆమె డబ్బాలో వేలు పెట్టి కొంచెం తీసి, బొటనవేలితో నలిపి చూసింది.

"ఆడా కరువేనా?" అంది, ఎవరో దగ్గరి చుట్టాన్ని గురించి అడిగినట్టు. "పాపం చెట్టు."

ఆదివారం పొద్దున్నే పనిలోకి దిగాం. ఉన్న ఒక్క బకెట్టుతో దుమ్ము కడిగి, ఆరనిచ్చి, ముందు క్రీము రుద్దాను. గుడ్డ క్షణంలో ఎర్రగా అయిపోయింది. అమ్మ ఆ గుడ్డను కళ్లకు ఆనించుకున్నంత దగ్గరగా పెట్టుకుని చూసి కంగారు పడింది. "రంగు దిగిపోతాండాది రా! ఆపు!" పట్టునూలుకు రంగు దిగితే చీర పోయినట్టేనని భయపడిన మనిషి ఆమె. పోయేది చచ్చిన రంగేనని, అడుగున అసలుది ఉందని నచ్చజెప్పడానికి చాలాసేపు పట్టింది.

మైనం దగ్గర తప్పు నాదే. ఆత్రం కొద్దీ బానెట్ అంతా ఒకేసారి మందంగా పట్టించాను. అంతలో ఎండ వచ్చి పడింది. రేకు కాలి మైనం దోసెపెనానికి అంటుకున్న పిండిలాగా బిగిసిపోయింది. ఎంత రుద్దినా రాలేదు. కారును నీడలోకి నెట్టి, చల్లారాక దాని మీదే మళ్లీ కొంచెం కొత్త మైనం పూస్తే పాతది మెత్తబడి ఊడివచ్చింది. ఆ తర్వాత బుద్ధిగా చేశాను. ఒక తలుపుకు పల్చగా పూయడం, అది పొగమంచు పట్టినట్టు తెల్లబడేదాకా ఆగడం, మెత్తటి గుడ్డతో తుడవడం, ఇంకో తలుపు దగ్గరికి పోవడం.

మెత్తటి గుడ్డ అమ్మ ఇచ్చింది. అది నాయన పంచె. ఉతికి ఉతికి వెన్నలాగా అయింది. ఇన్నాళ్లూ పెట్టె అడుగున దాచింది.

"దీన్నెందుకుమా?" అన్నాను.

"ఉండనీ. ఆ మనిషికీ మెరుపంటే ఇష్టమే" అంది.

నేను తుడిచిన ప్రతి చోటా ఆమె వేళ్లతో తడిమి చూసింది. మైనం మిగిలిన చోట వేలు ఆగేది. "ఈడ ఇంకా ఉండాది" అనేది. నేను మళ్లీ తుడిచేవాణ్ణి. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి పని అయిపోయింది. నేను రెండడుగులు వెనక్కి వేసి చూశాను. ఇటుక పొడి లాంటి ఆ కారు లోపల ఇంత ఎరుపు ఉందా? ఎదురింటి గోడ, గోడ మీద కాకి, కాకి వెనక ఆకాశం, అన్నీ ఆ ఎరుపులో మునిగి ఉన్నాయి.

అమ్మ రెండు చేతులూ బానెట్ మీద పెట్టింది. చేతులు జారిపోయాయి. మళ్లీ పెట్టింది.

"ఎట్ల ఉండాది రా చూసేకి?"

"అద్దం మాదిరి ఉండాదిమా."

"అద్దానికి రంగు యాడుంటాది?"

"రంగున్న అద్దం అనుకో."

"పట్టు మాదిరా?"

"కాదుమా. పట్టు పైపైన మెరుస్తాది. ఇది లోపల నుంచి మెరుస్తాండాది. లోతు ఉండాది దీనికి, బాయి మాదిరి." అంతకంటే నాకు చెప్పడం చేతకాలేదు.

కంటి ఆపరేషన్ అంటే చాలాకాలంగా ఆమెకు భయం. ఎవరికో చూపు పూర్తిగా పోయిందని ఎక్కడో విని, నేను ఎన్నిసార్లు అడిగినా తల అడ్డంగా ఊపేది. ఆ రోజు సంగటి తింటూ తింటూ, ముద్ద చేతిలో ఉండగానే అంది.

"నువ్వు చెప్పలేకుంటాండావు. నేనే చూసుకోవల్ల. ఆ ఆస్పత్రికి ఎప్పుడు పోదాం?"

ఊరికి దూరంగా ఉన్న ఒక ధర్మాసుపత్రిలో ముందు కుడికంటికి చేశారు. మరుసటి రోజు పొద్దున కట్టు విప్పుతామన్నారు. నేను బయట కానుగచెట్టు కింద కారు పెట్టుకుని ఉన్నాను. లోపల కూర్చుంటే మనసు నిలవడం లేదు. వచ్చి డిక్కీలోంచి మైనం డబ్బా, నాయన పంచె తీసి, కారు మొత్తానికి ఇంకో పూత మొదలుపెట్టాను. ఆస్పత్రి కాపలాదారు వచ్చి నిలబడి కాసేపు చూశాడు.

"ఏమప్పా, మనుషులు తాగేకే నీళ్లు లేకుంటే కారుకు స్నానమా?"

"నీళ్లు కాదన్నా, వట్టి గుడ్డే. మా యమ్మ చూడల్ల దీన్ని."

ఆయన నా ముఖం వైపు చూసి, ఏమనుకున్నాడో, కారు ముందర రాలిన ఆకులు తానే ఊడ్చి పోయాడు.

నర్సమ్మ చెయ్యి పట్టుకుని అమ్మ మెట్లు దిగి వచ్చింది. నల్లద్దాలు పెట్టారు. నీడలోకి వచ్చాక అద్దాలు కొంచెం పైకెత్తి నన్ను చూసింది. "తల నెరిసిందే నీకు!" అంది. తర్వాత కారు వైపు తిరిగింది.

ఎంతసేపు నిలబడిందో చెప్పలేను. నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. బానెట్‌లో కానుగ కొమ్మలు ఆకు ఆకుగా ఊగుతున్నాయి, వాటి సందుల్లో నీలం ముక్కలు. అమ్మ వంగి ఒక ఆకును తీసేయబోయింది. వేలు నున్నటి రేకుకు తగిలింది. ఆకు అక్కడే ఊగుతోంది. ఉలిక్కిపడి తల పైకెత్తి చెట్టును చూసింది, మళ్లీ కారును చూసింది.

"చెట్టు లోపలికి పోయిందే..." అంది, గుడిలో మాట్లాడినంత మెల్లగా.

తర్వాత తలుపు దగ్గరికి వచ్చి అందులో తన ముఖం చూసుకుంది. ఏళ్లయింది ఆమె తన ముఖం చూసుకుని. చెంప మీద చెయ్యి పెట్టుకుంది. "మా యమ్మ!" అంది. "అచ్చం మా యమ్మే వచ్చి నిలబడింది రా."

రంగు గురించి కారెక్కాక చెప్పింది. జీవితమంతా రంగుల మధ్య బతికిన మనిషి కదా, ఉత్త ఎరుపు అని వదిలెయ్యలేదు. "గోరింటాకు పెట్టిన రెండోనాడు చేతికి వస్తాదే, ఆ రంగు. మొదటిరోజుది కాదు." ఇప్పటికీ అంతకంటే సరిగ్గా నేను చెప్పలేను.

ఆ తర్వాత కొన్ని నెలలు మా ఇంట్లో ఆశ్చర్యాల కాలం. ఉల్లిపాయ పొట్టును వెలుతురుకు పట్టి చూసేది. సంత నుంచి తెచ్చిన వంకాయలను కోయకుండా చేటలో పెట్టుకుని, "వీటికి ఎవురు పూసినారు రా మైనం?" అని నవ్వేది. కారుకు మైనం పూసే రోజు మాత్రం తుడిచే పని నాకు ఇచ్చేది కాదు.

ఎడమకంటి ఆపరేషన్ కూడా అయ్యాక, విడపనకల్లులో దగ్గరివాళ్ల పెళ్లికి పోయి తిరిగి వస్తున్నాం. నల్లరేగడి చేల మధ్యకు వచ్చేసరికి ఆకాశం మూసుకుంది. ఆ ఏడు అంతవరకు చినుకు లేదు. ఉన్నట్టుండి వాన దంచి కొట్టింది, ముందేమీ కనపడక పక్కకు ఆపాను. కాసేపటికి ఎంత గబుక్కున వచ్చిందో అంత గబుక్కున వెలిసింది, మబ్బు కింది నుంచి ఎండ వచ్చింది. అమ్మ దిగి, "ఒరే, దిగి చూడు" అని కేకేసింది.

బానెట్ మీద, టాపు మీద, తలుపుల అంచుల మీద వాన నిలబడి ఉంది. పరుచుకోలేదు, పారలేదు. ఒక్కో బొట్టు ముత్యమంత గుండ్రంగా, దేనికది విడిగా, ఒక్కోదానిలో ఒక్కో బుల్లి సూర్యుడు. అమ్మ ఒక బొట్టును వేలితో తోసింది. అది దొర్లి పక్కదాంతో కలిసి పెద్దదై, సర్రున జారి నేల మీద పడింది. నేల దాన్ని చప్పరించేసింది. ఆమె ఇంకోదాన్ని తోసింది.

గొర్రెలను తోలుకుపోతున్న ఒక పెద్దాయన తడిసిన కంబళి దులుపుకుంటూ వచ్చి ఆగాడు. తానూ ఒక వేలు పెట్టి చూశాడు.

"ఏమి పూసినారు తల్లీ దీనికి? నీళ్లు అంటుకోనే అంటుకోలే."

"మైనమప్పా. కరువుసీమ చెట్టుదంట."

ఆయన తల ఊపాడు. "కారుకు సరే. నేలకు మాత్రం ఎవురూ పూయకుండా ఉండల్ల. అది తాగల్ల."

ముగ్గురమూ నవ్వాం. గొర్రెలు మా చుట్టూ నిలబడి ఒళ్లు విదిలించుకుంటున్నాయి. ఆ చినుకులు మళ్లీ మా మీద పడ్డాయి. మట్టి వాసన నిండుగా లేచింది. ఎండ తగ్గేదాకా అమ్మ కారెక్కలేదు, నేనూ తొందరపెట్టలేదు.

అంబాసిడర్‌ను మరికొన్నేళ్లు నడిపి, చిన్న కార్లు వచ్చి బాడుగలు తగ్గాక పామిడి ఊరి ఆయన ఒకరికి అమ్మేశాను. తీసుకుపోయేటప్పుడు అమ్మ ఆయనను గేటు దగ్గర ఆపింది. పల్చగా పూయాలని, నీడలోనే పూయాలని, తెల్లబడేదాకా ఓపిక పట్టాలని చెప్పింది. ఆయన అన్నిటికీ తల ఊపాడు. కారు వీధి మలుపు తిరిగేటప్పుడు టీకొట్టు, దాని ముందు నిలబడ్డ మనుషులు, పైన కరెంటు తీగలు అన్నీ దాని ఒంటి మీద ఒక్కసారి పారి వెళ్లిపోయాయి. అమ్మ చివరిదాకా చూసి లోపలికి వచ్చి, పొయ్యి మీద ఎసరు పెట్టింది.